రాత్రి విశాఖ, బ్యాటరీ సైకిలు: మీ ప్రశ్నలకు జవాబులు

బ్యాటరీ సైకిలు మీద రాత్రిపూట విశాఖపట్నం తిరగడం గురించి గత నెల ఈ పేజీలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే ప్రశ్న: కొండ ఎక్కుతుందా? దిగడం గురించి అడిగింది ఒక్కరే. నన్ను కంగారుపెట్టింది ఆ లెక్కే. అందుకే ఈసారి ఏ ఉత్తరానికి జవాబు రాసినా దిగడం గురించి కొంచెం ఎక్కువే చెబుతాను.

కొత్తగా చదివేవారి కోసం నా గురించి రెండు ముక్కలు. నాకు 63 ఏళ్లు. కంచరపాలెంలో ఉంటాను. ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్‌లో 32 ఏళ్లు మూడు షిఫ్టుల్లో పనిచేసి రిటైరయ్యాను. రాత్రి నిద్ర పట్టని అలవాటు ఆ ఉద్యోగం ఇచ్చిందే. 2021లో బ్యాటరీ సైకిలు కొన్నాను. వెనక చక్రంలో 250 వాట్ల హబ్ మోటారు (చక్రం నడిమధ్యే అమర్చినది), 36 వోల్టుల 10 ఆంపియర్-అవర్ బ్యాటరీ, బరువు 24 కిలోలు. వారంలో మూడు నాలుగు రాత్రులు దాని మీదే ఉంటాను.

*

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. మహారాణిపేటలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. సెకండ్ షిఫ్ట్ అయ్యేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఇల్లు మురళీనగర్. ఎడమ మోకాలు అప్పుడప్పుడు పట్టేస్తుంది. డ్యూటీ అయ్యాక ఆటోలో కూలబడకుండా, గాలి పీల్చుకుంటూ ఇంటికి రావాలని ఉంది. మధ్యలో ఎత్తు వస్తే మోటారు లాగుతుందా? సగంలో ఆగిపోతే ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, మురళీనగర్)

జవాబు: లాగుతుందమ్మా. ఎంత లాగుతుందో లెక్క కట్టి చూపిస్తాను, అప్పుడు మీకు టెన్షన్ ఉండదు. మీరు, సైకిలు, సంచి, తాళం అన్నీ కలిపి వంద కిలోలు అనుకోండి. వంద అడుగులు ముందుకెళ్తే ఎనిమిది అడుగులు లేచే రోడ్డు మన ఊళ్లో బాగా ఎత్తు కిందే లెక్క. అలాంటి రోడ్డు మీద గంటకు పది కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, ఆ బరువును పైకి లేపడానికే దాదాపు 220 వాట్లు కావాలి. చక్రాల రాపిడి, గాలి దానికి అదనం. మోటారు 250 వాట్లది. మీ కాళ్లు మామూలుగా తొక్కినా ఒక అరవై డెబ్బై వాట్లు ఇస్తాయి. రెండూ కలిస్తే హాయిగా ఎక్కుతారు.

రెండూ కలవాలి, అది ముఖ్యం. కాళ్లు ఆపేసి మోటారు మీదే వదిలేస్తే వేగం పడిపోతుంది. వేగం తగ్గిన హబ్ మోటారు కరెంటు ఎక్కువ తింటుంది, పని తక్కువ చేస్తుంది, మిగిలిందంతా వేడి. నేను ఫ్యాక్టరీలో కాలిపోయిన మోటార్లు చాలా విప్పాను. వాటిలో ఎక్కువ భాగం అతి వేగంతో తిరిగి పోయినవి కావు, బరువు కింద తిరగలేక పోయినవే. కాబట్టి ఎత్తు మొదలవకముందే చిన్న గేరుకు వచ్చేయండి. కాళ్లు తేలిగ్గా, త్వరత్వరగా తిరగాలి. మోకాలికి కూడా అదే మంచిది. పెద్ద గేరులో నిలబడి తొక్కితే ఆ భారమంతా మోకాలి మీదే పడుతుంది. అయినా కొనేముందు మీ ఆసుపత్రిలోనే ఎముకల డాక్టరుకు ఒకసారి చూపించండి.

సగంలో ఆగితే కంగారు పడకండి. రెండు బ్రేకులూ పట్టి కాలు కింద పెట్టండి. వెనకా ముందూ బండ్లు లేవని చూసుకుని, సైకిలును రోడ్డుకు కొంచెం అడ్డంగా తిప్పి ఎక్కండి. నిలువుగా కంటే అడ్డంగా బయల్దేరడం తేలిక. చవక సైకిళ్లలో పెడల్ తిరిగిన కాసేపటికి గానీ మోటారు అందుకోదు. ఆ క్షణంలోనే చాలామంది తూలి పడతారు. మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో కనిపెట్టి వెంటనే సాయం చేసే టార్క్ సెన్సర్ ఉన్నది దొరికితే, మోకాలు నొప్పి ఉన్నవారు నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే తీసుకోవాలి.

ఇప్పుడు మీరు అడగనిది చెబుతాను. మీ ఆసుపత్రి మహారాణిపేటలో అంటున్నారు కాబట్టి కేజీహెచ్ డౌన్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రి దగ్గర దిగుడు రోడ్డు, మీకు తెలియనిది కాదు. మన ఊళ్లో ‘డౌన్’ అంటే చిరునామా. ‘పాండురంగాపురం డౌన్‌లో ఉన్నా’, ‘కలెక్టరాఫీసు డౌన్ దగ్గర దిగు’ అంటాం. పుట్టినప్పటినుంచి వింటున్న మాట కాబట్టి అది జారుడు అని మర్చిపోతాం. నేనూ మర్చిపోయాను.

సైకిలు కొన్న మూడో వారం. రాత్రి పదకొండు. కేజీహెచ్ డౌన్‌లో దిగుతున్నాను, రోడ్డు ఖాళీ, గాలి చల్లగా ఉంది. సగం దిగాక ముందు బ్రేకు నొక్కితే లివరు హ్యాండిల్‌కు తగిలింది, చక్రం మాత్రం పట్టలేదు. అమ్మినవాళ్లు తీగ బిగించకుండానే ఇచ్చారు. నేనూ ఇంటికి తెచ్చి చూసుకోలేదు. వెనక బ్రేకు ఒక్కటే మిగిలింది. దాన్ని గట్టిగా పడితే వెనక చక్రం జారుతోంది, వదిలితే వేగం పెరుగుతోంది. ఎడమవైపు పైకి ఎక్కే సందు ఒకటి కనిపిస్తే అందులోకి తిప్పాను. ఆ ఎత్తే నన్ను ఆపింది. చేతులు వణుకుతుంటే అరగంట ఆ సందులో మెట్టు మీద కూర్చున్నాను. ఒక ముసలావిడ తలుపు తీసి, ఏమీ అడగకుండా చెంబుతో నీళ్లు ఇచ్చి వెళ్లింది.

వంద కిలోల బరువు నలభై మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఆ శక్తి ఎక్కడికీ పోదు. శక్తిని కొలిచే జౌళ్లలో చెబితే దాదాపు నలభై వేలు. అందులో కొంత గాలికి పోగా, మిగిలిందంతా మీ బ్రేకు డిస్కుల్లో వేడిగా మారితేనే మీరు ఆగుతారు. మామూలు సైకిలు కంటే ఇది పది కిలోలు బరువు కూడా. అందుకని బయల్దేరేముందు రెండు లివర్లూ నొక్కి చూడండి. సగం దూరంలోనే గట్టిగా పట్టాలి. డౌన్ మొదలయ్యే చోటే వేగం తగ్గించుకోండి, మధ్యలో కాదు. ఒకే బ్రేకు పట్టుకుని కిందిదాకా రాకండి. ముందుది కాసేపు, వెనకది కాసేపు పట్టి వదులుతూ రండి. మొదటి వారం పగలు, సెలవు రోజున, ఇంటికి వెళ్లే దారంతా ఒకసారి తొక్కి ఏ మలుపు దగ్గర జారుడు మొదలవుతుందో చూసుకోండి. ఆ తర్వాతే రాత్రి.

*

ప్రశ్న: లైసెన్సు, రిజిస్ట్రేషన్ కావాలా? షాపువాళ్లు స్పీడు లాక్ తీసేస్తే నలభై పోతుంది అంటున్నారు, తీయించుకోవచ్చా?
(ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: మోటారు 250 వాట్లు మించకుండా, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకుండా, బ్యాటరీ తీసేస్తే బరువు 60 కిలోల లోపు ఉంటే కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం అది మోటారు వాహనం కాదు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. లాక్ తీయించిన రోజున ఆ మినహాయింపు పోతుంది. దానికన్నా పెద్ద మాట, ఆ బ్రేకులు, ఆ ఫ్రేమ్, ఆ టైర్లు పాతిక కోసం చేసినవి. తీయించకండి బాబూ. హెల్మెట్ మాత్రం చట్టం అడగకపోయినా పెట్టుకోండి.

*

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కైలాసగిరి ఎక్కేటప్పుడు నా సైకిల్ డిస్‌ప్లేలో ఐదు గీతల్లో మూడు పోతున్నాయి. పైకి వెళ్లి ఆగితే రెండు తిరిగి వస్తున్నాయి. బ్యాటరీ పాడైందా? ఇంకొకటి, దిగేటప్పుడు ఛార్జ్ ఎక్కాలి కదా, నాది ఎందుకు ఎక్కడం లేదు?
(ఒక విద్యార్థి, మద్దిలపాలెం)

జవాబు: ఇలా గమనించి అడిగే కుర్రాళ్లంటే నాకు చాలా ఇష్టం. బ్యాటరీ పాడవలేదు. మీ డిస్‌ప్లే ఎంత మిగిలిందో కొలవడం లేదు, ఆ క్షణంలో వోల్టేజి ఎంతుందో చూసి గీతలు వేస్తోంది. మోటారు కరెంటు గట్టిగా లాగినప్పుడు వోల్టేజి కిందికి దిగుతుంది, ఆపగానే లేస్తుంది. మన ఇళ్లలో బోరు మోటారు వేయగానే బల్బు మసకబారినట్టే. గీతలు నమ్మాలంటే చదును మీద ఆగి, ఒక నిమిషం తర్వాత చూడండి.

అసలు ఖర్చు మీరే కట్టుకోవచ్చు. కైలాసగిరి ఎత్తు దాదాపు 170 మీటర్లు. బరువు వంద కిలోలు, భూమి ఆకర్షణ 9.8, ఎత్తు 170, మూడింటినీ గుణిస్తే 1,66,600 జౌళ్లు. ఒక వాట్-అవర్ అంటే 3,600 జౌళ్లు, కాబట్టి 3,600తో భాగిస్తే 46 వాట్-అవర్లు. మోటారు, దానికి కరెంటు సర్దే కంట్రోలర్ తినేది కలిపి 65 అనుకోండి. మీ బ్యాటరీ నాదిలాంటిదే అయితే 36 వోల్టులను 10 ఆంపియర్-అవర్లతో గుణించి 360 వాట్-అవర్లు. అంటే కొండ మొత్తం ఎక్కినా ఐదో వంతు కూడా అవ్వదు, అదీ కాళ్లు ఏ సాయమూ చేయకపోతే. మొదటిసారి ఈ లెక్క కట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. సముద్రమట్టం నుంచి కైలాసగిరి నెత్తికి ఒక మనిషిని, సైకిలుతో సహా చేర్చడానికి పట్టే కరెంటు, వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె నాలుగు నిమిషాల్లో తినే కరెంటు!

దిగేటప్పుడు ఛార్జ్ ఎందుకు ఎక్కదంటే, మన సైకిళ్లలో ఎక్కువగా వచ్చేది గేర్లున్న హబ్ మోటారు. దాని లోపల ఫ్రీవీల్ క్లచ్ ఉంటుంది. చక్రం మోటారు కంటే వేగంగా తిరిగితే మోటారు విడిపోతుంది. దానివల్ల బ్యాటరీ లేకపోయినా సైకిలు తేలిగ్గా తొక్కగలుగుతున్నాం. కానీ చక్రం మోటారును తిప్పలేదు కాబట్టి కరెంటు పుట్టదు. చాలా ఎలక్ట్రిక్ స్కూటర్లలో ఆ ఏర్పాటు ఉంటుంది, వాటికి దిగేటప్పుడు మోటారే కొంత ఆపుతుంది కూడా. మీకు ఆ సాయం లేదు. కైలాసగిరి ఘాట్‌లో దిగే శక్తంతా మళ్లీ ఆ రెండు డిస్కులే మింగాలి. మలుపుకో చోట ఆగి, చేయి దగ్గర పెట్టి వేడి చూడండి. తాకొద్దు, దగ్గర పెడితే చాలు.

నేను అక్కడికి సాయంత్రం పొద్దు వాలేముందు ఎక్కి, పార్కు మూసే వేళకు ముందే దిగిపోతాను. లైట్లు వెలిగే ఆ పావుగంట పైన ఉండాలి. దక్షిణం వైపు తీరం వంపు తిరిగి, బీచ్ రోడ్డు లైట్లు ఒక్కొక్క వరుసా వెలుగుతూ పోయి, చివర డాల్ఫిన్ నోస్ కొండ నల్లగా సముద్రంలోకి ముక్కు పెట్టి ఉంటుంది. దాని మీద లైట్‌హౌస్ వెలుగు తిరగడం మొదలవుతుంది. అప్పుడు మీ లైటూ వేసుకుని దిగండి. లైటు ఎదుటివాడి కళ్లలో కాకుండా, పది పదిహేను అడుగుల ముందు నేల మీద పడేలా వంచుకోండి.

*

ప్రశ్న: రాత్రి ఆర్కే బీచ్ నుంచి భీమిలి వెళ్లి ఒకే ఛార్జ్‌తో తిరిగి రావచ్చా?
(ఒక పాఠకుడు, అక్కయ్యపాలెం)

జవాబు: నా సైకిలుతో నేను వెళ్లను. ఒక వైపే పాతిక కిలోమీటర్ల పైమాట. కాళ్లు కలిపి తొక్కితే నాకు కిలోమీటరుకు ఎనిమిది నుంచి పది వాట్-అవర్లు అవుతుంది, అంటే నలభై కిలోమీటర్ల దగ్గర బ్యాటరీ అయిపోతుంది. పైగా వేసవిలో, తొలకరిలో గాలి నైరుతి నుంచి వీస్తుంది. భీమిలి ఈశాన్యం వైపు కాబట్టి వెళ్లేటప్పుడు వీపు మీద తోస్తుంది, మీకు తెలియదు కూడా. ‘అబ్బ, బ్యాటరీ ఎంత మిగిలిందో’ అనుకుంటారు. వెనక్కి తిరిగాక అదే గాలి ముఖానికి వస్తుంది. రుషికొండ దాకా వెళ్లి రండి, చాలు. ఇంకా ముందున్న తొట్లకొండ బౌద్ధ క్షేత్రం పగలు చూడాల్సిన చోటు. తీరం పక్కన రోడ్డు మీదికి ఇసుక కొట్టుకొచ్చిన చోట్ల బ్రేకు వేయకుండా, హ్యాండిల్ తిప్పకుండా నిటారుగా దాటండి. ఇంటికొచ్చాక ఉప్పుగాలి తగిలిన గొలుసు, బోల్టులు తడిగుడ్డతో తుడిచి నూనె రాయండి. బ్యాటరీ చల్లారాక, అరగంట ఆగి ఛార్జింగ్ పెట్టండి, మీరు మెలకువగా ఉన్నప్పుడే.

*

ప్రశ్న: మాది గోపాలపట్నం. బెంగళూరులో ఉద్యోగం. చిన్నప్పుడు మా నానమ్మతో రెండుసార్లు సింహాచలం గిరి ప్రదక్షిణ చేశాను. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు ఆ దారి మొత్తం రాత్రి బ్యాటరీ సైకిలు మీద చుట్టాలని ఉంది. నానమ్మ ఇప్పుడు లేరు. తప్పు కాదు కదా?
(ఒక పాఠకుడు)

జవాబు: తప్పేముంది నాయనా. ఒక్క రాత్రి మాత్రం వద్దు. ఆషాఢ శుద్ధ చతుర్దశి సాయంత్రం నుంచి పౌర్ణమి దాకా ఆ దారి నడిచేవాళ్లది. లక్షల మంది చెప్పుల్లేకుండా నడుస్తారు. ఆ రాత్రి మీరూ నడవండి. మిగతా రాత్రులు సైకిలు మీద వెళ్లండి. నేను ఆ 32 కిలోమీటర్లూ ఏడాదికి పది పన్నెండుసార్లు చుడతాను. మీ కోసం కొంచెం వివరంగా రాస్తాను.

కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర మొదలుపెట్టండి. మీ నానమ్మ కొబ్బరికాయ కొట్టిన చోటు అదే కాబట్టి. పది గంటల ప్రాంతంలో బయల్దేరితే లారీలు, బస్సులు తగ్గి ఉంటాయి. అడవివరం దాటి పైనాపిల్ కాలనీ మీదుగా ముడసర్లోవ వైపు వెళ్తారు. ఈ దారిలో ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క. ఒకవైపు సింహగిరి, అంటే సింహాచలం కొండ, ఇంకోవైపు కంబాలకొండ అడవి, మధ్యలో మీరు. ఊరి మధ్యలోంచి ఊరు మాయమవుతుంది. చలికాలంలో ఇక్కడికి రాగానే గాలి ఒక్కసారిగా చల్లబడుతుంది. కొండల మీద చల్లబడిన గాలి బరువెక్కి ఈ పల్లంలోకి జారుతుంది మరి. స్వెటర్ సంచిలో పెట్టుకోండి. వేడిగా ఉన్న తారు రోడ్డు మీదికి పాములు వస్తాయి, కాబట్టి ఇక్కడ వేగం పదిహేను దాటనివ్వకండి, పక్కకు దిగి పొదల్లో నిలబడకండి. ఇక్కడ లైటు సరిగ్గా ఉండాలి. ముందుదే కాదు, వెనక ఎర్రలైటు కూడా.

ఆరిలోవ దాటి హనుమంతవాక. ఇక్కడ జాతీయ రహదారి అడ్డొస్తుంది. రాత్రి పన్నెండుకు కూడా కంటెయినర్ లారీలు పోతూనే ఉంటాయి. సిగ్నల్ పచ్చగా ఉన్నా సరే దిగి, సైకిలు నడిపించుకుని దాటండి. నేను ఇక్కడి నుంచే మా ఆవిడకు ఫోన్ చేస్తాను. అది ఆవిడ పెట్టిన నియమం. హనుమంతవాక దాటాను అని చెబితేనే ఆవిడ పడుకుంటుంది.

తర్వాత విశాలాక్షినగర్. కైలాసగిరి వెనక భుజం మీద ఉన్నట్టుంటుంది. అక్కడి నుంచి జోడుగుళ్లపాలెం వైపు దిగేటప్పుడు సముద్రం కనిపించకముందే వినిపిస్తుంది. ఆ చప్పుడు విని చాలామంది బ్రేకు వదిలేస్తారు. వదలకండి. దారిలో ఎక్కువ శ్రద్ధ కావలసిన దిగుడు ఇదే. కిందికి వచ్చాక కుడివైపు తిరిగితే అప్పుఘర్. ప్రదక్షిణ రోజు జనం సముద్రస్నానం చేసేది ఇక్కడే. రాత్రి ఒంటరిగా నీళ్లలో దిగొద్దు. ఒడ్డున కూర్చుని మీ నానమ్మను తలుచుకోండి.

అక్కడి నుంచి ఎంవీపీ కాలనీ, వెంకోజిపాలెం, ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ, కైలాసపురం. రోడ్డు తెలిసినదే, త్వరగా అయిపోతుంది. కుక్కలు మాత్రం ఉంటాయి. వేగం పెంచితే తరుముతాయి. ఆగి, సైకిలును మీకూ వాటికీ మధ్య పెట్టుకుని నాలుగడుగులు నడవండి, వాటంతట అవే ఊరుకుంటాయి.

మాధవధార దగ్గర ఆగండి. మళ్లీ సింహాచలం కొండే, అటువైపు ముఖం. ఇక్కడి నుంచి కొండ మీదికి మెట్లదారి ఉంది. మీరు బయల్దేరిన కొండ చుట్టూ సగానికి పైగా వచ్చేశారు. ఒకే కొండ అడవివరం నుంచి ఒకలా, ఇక్కడి నుంచి ఒకలా, మీ గోపాలపట్నం నుంచి ఇంకోలా ఉంటుంది. నేను కంచరపాలెంలో ముప్పై ఏళ్లుగా ఉంటూ, ఇవన్నీ ఒకే కొండ అని సైకిలు కొన్నాకే ఒంటితో తెలుసుకున్నాను. మ్యాపులో చూస్తే తెలిసేదే, కానీ ఈ తెలియడం వేరు.

మురళీనగర్, ఎన్ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల, మళ్లీ తొలిపావంచా. మెల్లగా, ఆగుతూ వస్తే మూడు గంటలు. బ్యాటరీలో నాకు ఎప్పుడూ పావు వంతు మిగులుతుంది. చంపక మొగ్గలు అమ్మేవాళ్లు ఆ వేళ ఉండరు గానీ, సంపెంగల కాలంలో అయితే అడవివరం దగ్గర గాలిలోనే ఆ వాసన తగులుతుంది.

*

ప్రశ్న: మా అమ్మాయికి 22. బ్యాటరీ సైకిలు కొనిమ్మంటోంది, రాత్రి బీచ్ రోడ్డులో తిరుగుతానంటోంది. వద్దంటే నా మీద అలుగుతోంది. మీకు ఆడపిల్ల ఉంటే పంపుతారా?
(ఒక తల్లి, ఎంవీపీ కాలనీ)

జవాబు: నాకు కూతురు ఉందమ్మా. తనకు నేనే నేర్పాను, కాబట్టి మీ భయం నాకు తెలుసు. పంపుతాను, కానీ మొదటి నెల తోడు వెళ్లాను. మీరూ వెళ్లండి. మీకు సైకిలు రాకపోతే స్కూటీ మీద వెనకాలే వెళ్లండి. రాత్రి పది లోపు, జనం ఉండే చోట, ఆర్కే బీచ్ నుంచి తెన్నేటి పార్కు దాకా, వెనక్కి. అది చదునుగా, లైట్లతో ఉంటుంది. తర్వాత ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లతో. ఫోన్‌లో లొకేషన్ షేర్ చేయించండి, 112 నంబరు గుర్తుండాలి. ఫోన్ ఛార్జ్ సైకిలు ఛార్జ్ కంటే ముఖ్యం. పంక్చరైతే నడిపించుకుంటూ వచ్చేయాలి గానీ, తెలియనివాళ్ల బండి ఎక్కకూడదని చెప్పండి.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకండి. మీ అబ్బాయి అడిగితే ఈ ఉత్తరం రాసేవారా? ఊరు రాత్రిపూట ఎంత బాగుంటుందో సగం మందికి తెలియకుండా పోవడం నాకు బాధగా ఉంటుంది. రోడ్డు మీద ఆడవాళ్లు ఎంత ఎక్కువగా కనిపిస్తే, తర్వాత వచ్చే ఆడవాళ్లకు అంత ధైర్యం. మీరు తోడు వెళ్లే ఆ నెల మీ ఇద్దరికీ మిగిలిపోతుంది.

*

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. పుట్టి పెరిగింది విశాఖ వన్‌టౌన్‌లో, కోట వీధి. పెళ్లయ్యాక అనకాపల్లి వచ్చేశాను. మోకాళ్ల వల్ల ఎటూ కదలలేను. మీరు పాత ఊళ్లో రాత్రి తిరుగుతారా? ఇప్పుడు ఎలా ఉంది? మీకు ఈ రాత్రి తిరుగుడు అసలు ఎలా అలవాటైంది?
(ఒక పాఠకురాలు, అనకాపల్లి)

జవాబు: అక్కా, అలవాటు హుద్‌హుద్ నాటిది. 2014 అక్టోబరు 12న తుఫాను ఊరి మీద పడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు. పెట్రోలు బంకుల దగ్గర క్యూలు. నేను మా తమ్ముడి పాత సైకిలు అడిగి తెచ్చుకుని డ్యూటీకి వెళ్లాను. రాత్రి ఊరంతా చీకటి. చెట్లకు ఆకు లేదు. అప్పటిదాకా లైట్లు, హోర్డింగులు, చెట్లు దాచిన కొండలన్నీ ఒక్కసారి బయటపడ్డాయి. ఎక్కడ ఎక్కుతున్నానో, ఎక్కడ దిగుతున్నానో కంటికి కనిపించేది కాదు, తొడలకు తెలిసేది. భయంకరమైన రోజులే. మా వీధిలో రేకుల ఇళ్లన్నీ పోయాయి. కానీ ఊరి ఆకారం నాకు తెలిసింది ఆ రాత్రుల్లోనే. తర్వాత వయసు మీద పడి మామూలు సైకిలుతో ఆ ఎత్తులు ఎక్కలేకపోయాను. ఈ మోటారు వచ్చి మళ్లీ ఎక్కించింది. మీ మోకాళ్ల సంగతి చదివి మనసుకు కష్టమనిపించింది.

పాత ఊరికి తప్పకుండా వెళ్తాను. వారంలో ఒక రాత్రి దానికే. పూర్ణామార్కెట్ మూసేశాక కూరగాయల వాసన ఇంకా పోనప్పుడు, టౌన్ కొత్తరోడ్డు మీదుగా పాత పోస్టాఫీసు వైపు. కురుపాం మార్కెట్ దగ్గర సందులు మీరు చూసినంత ఇరుకుగానే ఉన్నాయి. అక్కడ మోటారు ఆపేసి కాళ్లతోనే తొక్కుతాను. అరుగుల మీద పడుకున్నవాళ్ల నిద్ర చెడగొట్టడం ఇష్టం ఉండదు. కొన్ని పాత ఇళ్లు పోయాయి, వాటి చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. కొన్ని పెంకుటిళ్లు, చెక్క స్తంభాలతో, అలాగే ఉన్నాయి.

హార్బరు కాలువ పక్కన మీ మూడు కొండలూ అలాగే ఉన్నాయి. రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, పక్క కొండ మీద దర్గా, మూడోదాని మీద వెంకటేశ్వరస్వామి. మూడింటి దీపాలూ ఒకే చోట నిలబడి చూడొచ్చు. 1933లో హార్బరు తెరిచినప్పటినుంచి ఓడలు ఆ మూడు దీపాల ముందునుంచే లోపలికి వస్తున్నాయి. మొన్న ఒక రాత్రి, పన్నెండున్నర అయి ఉంటుంది, రాస్ హిల్ కింద సైకిలు ఆపుకుని ఫ్లాస్కులో టీ పోసుకుంటున్నాను. ఎదురుగా డాల్ఫిన్ నోస్. రెండింటి మధ్య సన్నటి కాలువలోంచి పెద్ద ఓడ ఒకటి, టగ్గులనే చిన్న పడవలు పట్టుకుని నడిపిస్తుంటే, చప్పుడు లేకుండా వచ్చింది. ఇళ్ల కంటే ఎత్తుగా ఉంది. వీధి చివర ఒక గోడ కదులుతున్నట్టు అనిపించింది. నా పక్కన చేపల బుట్ట ఎత్తుకుని పోతున్న ఒకావిడ కూడా ఆగి చూసింది. పుట్టినప్పటినుంచి చూస్తున్నదే అయి ఉంటుంది, అయినా ఆగింది.

కోట వీధిలో మీ ఇల్లు ఏ వైపో, ఎదురుగా ఏం ఉండేదో రాయండి. వచ్చే పౌర్ణమికి అటు వెళ్లి చూసి, మీకు ఉత్తరం రాస్తాను.